సాగే వైపు

ఫ్యాక్టరీలో అతన్ని దువ్వెన అనేవారు. నెత్తిమీద ఒక్క వెంట్రుక లేని మనిషికి ఆ పేరు పెట్టింది సొంత బావమరిదే, భార్య తమ్ముడు. పెట్టిన రోజున క్యాంటీనంతా నవ్వింది. అతనూ నవ్వాడు. ఆ తర్వాత అసలు పేరు గేటు దగ్గర చూపించే కార్డు మీద మాత్రమే మిగిలింది.

పేరు ఊరికే రాలేదు. అతను చేసే పని నిజంగా దువ్వడమే. కార్బన్ పోగు వెంట్రుక కన్నా సన్నం, బొగ్గు కన్నా నలుపు. కండెల మీద పొడుగ్గా చుట్టుకుని వస్తుంది. వచ్చినదాన్ని వచ్చినట్టు ఒక మిషను గోటిముక్కలంత చిన్నగా నరుకుతుంది. ఆ ముక్కల్ని నీళ్ళ తొట్టిలో పోసి, ఉండ కట్టకుండా కలిపి, సన్నటి పలకల సందుల్లోంచి కదిలే జల్లెడగుడ్డ మీదికి వదులుతారు. సందుల్లో దూరేటప్పుడు నీళ్ళే ముక్కలన్నిటినీ ఒక దిక్కుకు తిప్పుతాయి. కిందనుంచి నీళ్ళు పీల్చేశాక గుడ్డ మీద మిగిలేది, అప్పుడే తలంటుకుని దువ్విన జుట్టులాంటి నల్లటి పొర. దాన్ని ఆరబెట్టి, ప్లాస్టిక్ పొరతో కలిపి వేడి రోలర్ల మధ్య నొక్కితే రేకు అవుతుంది. ఆ పలకల వరసకే పనివాళ్ళలో దువ్వెన అని పేరు. పొరలో ఎక్కడైనా ముక్కలు పక్కకు తొలగి సన్నటి గీత పడితే దాన్ని పాపిడి అనేవారు. పాపిడి పడిన రేకు పనికిరాదు. పాపిడి పడకుండా నీళ్ళవైపు చూస్తూ నిలబడటమే అతని ఉద్యోగం.

అంతకుముందు కాగితం మిల్లులో ఉండేవాడు. అక్కడా ఇంతే, నీళ్ళూ నారా జల్లెడా. కాకపోతే కాగితానికి నార ఎటు పడినా ఒకటే. పడినచోట పడి, చిక్కుకున్నదానితో చిక్కుకుని, నిద్రపోయినట్టు ఉండిపోతుంది. మిల్లు మూతపడి ఇక్కడికి వచ్చిన కొత్తలో ఇన్ని తునకల్ని ఒక్కమాట మీద ఎలా నిలబెట్టాలా అని భయపడ్డాడట. తర్వాత ఆ నీళ్ళ చప్పుడుకే అలవాటుపడ్డాడు. ఇంట్లోనూ తక్కువ మాట్లాడేవాడు. చప్పుడు ఇంకా చెవుల్లో ఉందేమో, దాన్ని వింటున్నాడేమో అనిపించేది.

చక్కటి పొడుగు పోగును ఎందుకు నరకడం అని అతనికి మొదట మనసొప్పలేదు. అచ్చుల షెడ్డులో పనిచేసే బావమరిది ఒకరోజు చేయి పట్టుకుని తీసుకెళ్ళి చూపించాడు. పొడుగు పోగుల రేకును వేడిచేసి లోతైన అచ్చులోకి దింపితే మూలల దగ్గర మొరాయిస్తుంది. ముడతలైనా పడుతుంది, మూలకు అందకుండా గాల్లోనైనా నిలబడిపోతుంది. ముక్కల రేకు అలా కాదు. ప్లాస్టిక్ మెత్తబడగానే ప్రతి ముక్కా తన పక్కదాన్ని ఒరుసుకుంటూ రవ్వంత జరుగుతుంది. అన్నీ రవ్వంత జరిగితే రేకు రేకే సాగుతుంది, ముక్కలు పడుకున్న దిక్కుగా. బలమూ ఆ దిక్కునే. అందుకని ప్రతి రేకు చుట్ట అంచునా అతను సుద్దముక్కతో బాణం గీసి, పక్కన సాగే వైపు అని రాసేవాడు. చేతిరాత కోడి గీకినట్టుండేది గానీ బాణం మాత్రం తిన్నగా ఉండేది.

అతని భార్య దర్జీ. వాళ్ళు ఉండేది మూడో అంతస్తులో, ఒక గదీ ఒక వంటిల్లూ. ఆమె కొట్టు అదే మేడ కింద, వీధివైపు. ఒక కుట్టుమిషను, ఒక కత్తిరింపు బల్ల, కొత్తబట్ట వాసన. కొలతలకు వచ్చినవాళ్ళు కాసేపు కూర్చుని తమ కష్టాలు కూడా కొలిపించుకుని పోయేవారు. చేతిలో కత్తెర పడితే ఆమె రెండోసారి చూసుకునేది కాదు. తప్పు కత్తిరించిన గుడ్డ ఒక్కటి చూపించమని వీధిలో అందరితో పందెం కాసేది. కాగితం నమూనాలు కత్తిరించి దాచుకునేది. ప్రతిదాని మీదా చిన్న బాణం గీసి, తనూ ఆ మాటే రాసేది. సాగే వైపు.

ఇద్దరూ ఒకే మాట రాస్తున్నారని వాళ్ళకి తెలుసు. తెలిసి మురిసిపోయేవాళ్ళు కూడా. ఆ మాటకు రెండు పనుల్లోనూ ఒకే అర్థమా అన్నది మాత్రం ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం అప్పటికింకా రాలేదు.

సాయంత్రం అతను ఇంటికి వచ్చేసరికి మణికట్ల దగ్గర నల్లటి పోగుముక్కలు గుచ్చుకుని ఉండేవి. కంటికి ఆనవు గానీ చొక్కా తగిలితే చురుక్కుమంటాయి. ఆమె కిటికీ దగ్గర కూర్చోబెట్టి, చేతిని వెలుతురుకు తిప్పి, జిగురు టేపు అంటించి ఒక్క లాగు లాగేది. ముల్లయినా మొగుడైనా వాలు తెలిసి లాగాలి అనేది. ఎప్పుడూ నొప్పి తెలిసేది కాదు.

ఒక వానాకాలం పొద్దున ఆమె కొట్టు తాళంచెవి తీసుకుంటూ గుమ్మంలోనే కూలిపోయింది. పక్షవాతం. తమ్ముడూ భర్తా కలిసి కుర్చీలో కూర్చోబెట్టి, ఆ కుర్చీని చెరోవైపు పట్టుకుని మెట్లు దింపారు. ఆమె కొలతలు తీసిన వీధి మొత్తం తలుపుల్లో నిలబడి ఆమెను చూసింది. ఆసుపత్రినుంచి తిరిగొచ్చేటప్పుడూ అదే కుర్చీ, అవే చూపులు. మాట తిరిగొచ్చింది. చెయ్యి తిరిగొచ్చింది. కుడిపాదం మాత్రం వాలిపోయి ఉండిపోయింది. అడుగు వేయబోతే మడమ కన్నా ముందు వేళ్ళు నేలను తాకేవి, తలదించుకున్న మనిషి గుమ్మం కొట్టుకున్నట్టు.

ఇక ఈ మెట్లు దిగితే నా కాలితోనే దిగుతాను, కుర్చీలో మాత్రం దిగను అంది. అరవలేదు, ఏడవలేదు. బట్ట కొలిచి చెప్పినట్టు చెప్పింది.

పాదం వాలకుండా తొడుక్కోమని ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన ప్లాస్టిక్ పట్టీ మందంగా ఉండేది. పిక్కను కొరికేది, చెప్పులో పట్టేది కాదు. అది తొడుక్కుంటే నా కాలికి ఇంకోడి కాలు కట్టినట్టుంది అని దాన్ని మంచం కిందికి తోసేసింది. కొట్టు మూసే ఉంది. కొట్టు అద్దెకిచ్చినాయన మంచివాడే. వానలు వెళ్ళేదాకా చూస్తానన్నాడు. ఈలోపు పక్కవీధి దర్జీ ఒకామె వచ్చి రెండుసార్లు అద్దంలోంచి లోపలికి తొంగిచూసి వెళ్ళిందని కింద చెప్పుకున్నారు.

ఆ రోజుల్లోనే అచ్చుల షెడ్డులో అతను ఒక కుర్చీ వీపుపలకను చూశాడు. తన నీళ్ళలోంచి వచ్చిన రేకే. వీపు ఒంపుకి అతుక్కున్నట్టు వంగి ఉంది. వేలితో నొక్కి వదిలితే మళ్ళీ లేచింది. మడమ కింద ఇలాంటిది ఒకటి ఉంటే పాదాన్ని లేపుతుంది కదా అని బావమరిదితో అన్నాడు. బావమరిది వెటకారమేమీ చేయలేదు. అంచుల్లో మిగిలే కోతముక్కలు తీసుకుంటామని సూపర్‌వైజరు దగ్గర అనుమతి కూడా తనే అడిగి తెచ్చాడు.

కాలికి అచ్చు తీసిన రోజు ఆ ఇంట్లో చివరిసారి గట్టిగా నవ్వులు వినబడ్డాయి. ఆమె కుర్చీలో కూర్చుని కాలు ముక్కాలిపీట మీద పెట్టింది. తమ్ముడు తడిపిన ప్లాస్టర్ గుడ్డ చుడుతున్నాడు. భర్త ఎదురుగా నేలమీద కూర్చుని, పాదం వాలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. అతని గుండు సరిగ్గా ఆమె మోకాలికి ఎదురుగా వచ్చింది. ఆమె కాసేపు అటూ ఇటూ చూసింది.

"బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం అంటే ఏంటో ఇన్నాళ్ళూ తెలీలేదురా. మా పెళ్ళన్నమాట."

"నవ్వించకక్కా. కదిలితే అచ్చులో రెండు మోకాళ్ళొస్తాయి," అన్నాడు తమ్ముడు. ముందు కదిలింది అతని చేతులే.

ప్లాస్టర్ ఆరాక రేకును ఏ ఆకారంలో కత్తిరించాలో కాగితం నమూనా కావాలి. అది తన పని అంది ఆమె. కాలు పట్టీ అంటే వేళ్ళ భాగం లేని మేజోడే కదా అని పాత వార్తాపత్రిక మీద గీసి, కత్తెర అందుకుంది. చాలాకాలం తర్వాత ఆ గదిలో కత్తెర చప్పుడు వినిపించింది. సాగే వైపు గుర్తుపెట్టడం మర్చిపోకు అన్నాడు అతను. నాకు చెప్తున్నారా అన్నట్టు చూసి, ఆమె ఒక బాణం గీసింది. పిక్క చుట్టూ, అడ్డంగా.

సెలవురోజు పొద్దున బావా బావమరిదీ అచ్చుల షెడ్డుకి వెళ్ళారు. సన్నగా ఉండాలి, చెప్పులో పట్టాలి. అందుకని పొరలన్నీ బాణం ప్రకారమే వేసి, చీలకుండా ఒకే ఒక్క పొరను మిగతావాటికి అడ్డంగా వేయాలని ముందే అనుకున్నారు. అతను నమూనాను రేకు మీద పరిచాడు. బాణాన్ని పోగుల దిక్కుకు కలిపి పెట్టాడు. పెట్టి ఒక్క క్షణం ఆగాడు. పోగులు కాలి పొడవునా కాక, కాలి చుట్టూ తిరుగుతున్నాయి.

"ఇదేంటి బావా, అడ్డంగా వేస్తున్నావు?" అన్నాడు బావమరిది.

"మీ అక్కే గీసింది."

"అక్క గీస్తే ఇంకేముంది. బ్రహ్మరాతైనా చెరపొచ్చు గానీ, అక్క గీసిన గీత చెరిపేవాడు ఇంకా పుట్టలేదు."

ఇద్దరూ నవ్వుకున్నారు. మడమ ఒంపు తిరగాలి కాబట్టి చుట్టూ సాగాలేమో, చేతులకీ మెడలకీ ఒంపులు తిప్పిన మనిషికి తెలియదా అనుకున్నాడు అతను. రేకు వేడెక్కి మెత్తబడింది. అచ్చులో పోసి తీసిన ప్లాస్టర్ కాలి మీద కప్పి, పైన రబ్బరు పొర వేసి గాలి లాగేశారు. తడిగుడ్డ ఒంటికి అంటుకున్నట్టు రేకు పిక్కకూ మడమకూ అరికాలికీ అంటుకుంది. ఒక్క ముడత లేదు. చల్లారాక బయటికి తీస్తే నల్లగా, తేలిగ్గా, రాత్రినుంచి ఒక ముక్క వొలిచి తెచ్చినట్టుంది.

అది పనిచేసింది. ముందు అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. ఆమె గదిలో ఆ చివరినుంచి ఈ చివరికి నడిచింది. పాదం లేచింది. మడమ ముందు తగిలింది. నేల మళ్ళీ నేలలా ఉంది అంది. రోజూ నడిచేది, వరండాలోకి వచ్చి కిందికి చూసేది. ఆమెను అన్నాళ్ళూ మోసినది మిగతావాటికి అడ్డంగా, కాలి పొడవునా పడిన ఆ ఒక్క పొరే అని ఎవరికి తెలుసు.

వానలు తగ్గుతున్న ఒక పొద్దున, తెరిచి ఊడ్చిపెట్టు, దిగుతున్నాను అని కొట్టు తాళంచెవి తమ్ముడికి ఇచ్చింది. భర్తను కూడా కిందికి పొమ్మంది. పట్టుకోవడానికి మనిషి పక్కనుంటే దిగినట్టు కాదంది. అతను కింద మెట్టు దగ్గర నిలబడి పైకి చూస్తున్నాడు. కొట్లో చీపురు చప్పుడు. పైనుంచి అడుగుల చప్పుడు, ఒకటి బరువుగా, ఒకటి తేలిగ్గా. మొదటి మలుపు దాటింది. రెండో మలుపు దగ్గర ఆమె చెయ్యి గోడమీద కనిపించింది. తర్వాత ముఖం. ఆ ముఖంలో ఏళ్ళక్రితం ఎప్పుడో చూసిన గర్వం.

ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది.

ఎముకలేవీ విరగలేదు. మోచెయ్యి చీరుకుపోయింది, తుంటి కమిలింది. అంతే అన్నారు అందరూ. కుర్చీ తేవడానికి తమ్ముడు కదలబోతే ఆమె వద్దంది. చేతులతో, కూర్చునే, ఒక్కో మెట్టూ వెనక్కి పైకి జరుగుతూ వెళ్ళిపోయింది. ఇద్దరు మగాళ్ళూ కింద నిలబడి చూశారు.

ఆ సాయంత్రం అతను పగిలిన పట్టీని కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చూశాడు. చీలమండ దగ్గర అడ్డంగా ఒక తిన్నని గీత. కాలి పొడవునా పడిన ఆ ఒక్క పొరే చిరిగింది. మిగతా పొరల్లో ఒక్క పోగు కూడా తెగలేదు. పక్కపక్కనే ఉన్నవి ఒకదాన్నొకటి వదిలేశాయి, అంతే. అంత శుభ్రమైన పాపిడి అతను తన దువ్వెన దగ్గర ఎన్నడూ చూడలేదు.

కాగితం నమూనా తీసుకుని మంచం దగ్గరికి వెళ్ళాడు. ఈ బాణం ఎలా గీశావు అని, ఏదో ఊసుపోకకు అడిగినట్టు అడిగాడు.

"ఎలా ఏముంది. బట్ట ఎటు సాగితే అటు. నిలువు పోగు బిగుసుకునుంటుంది, అడ్డానికే కదా వదిలేది. పిక్క చుట్టూ వదులుండాలి." అని ఆగింది. "ఏం, తప్పా?"

అతనికి అంతా ఒక్కసారిగా తెలిసింది. బట్టలో పోగు పొడుగ్గా ఉంటుంది. అందుకని అది తన దిక్కున సాగదు, అడ్డంగా సాగుతుంది. తన రేకులో పోగు ముక్కలు ముక్కలుగా ఉంటుంది. అందుకని అది తన దిక్కునే సాగుతుంది. ఒకే మాట. ఆమె దాన్ని ఒకవైపుకు తిప్పి రాసింది, అతను ఇంకోవైపుకు తిప్పి చదివాడు. మోయాల్సిన బలం కాలి పొడవునా కాక కాలి చుట్టూ పోయింది. చెప్పడానికి నోరు తెరిచాడు. ఆమె ఒళ్ళో రెండు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి, జవాబు కోసం చూస్తున్నట్టు.

"తప్పేం లేదు. రేకులో పాపిడి ఉంది. నేను చూసుకోలేదు."

ఆ వారంలోనే ఫ్యాక్టరీలో చుట్టల అంచున మాట మారింది. సాగే వైపు అని రాయడం మానేసి, పోగు దిక్కు అని రాయడం మొదలుపెట్టాడు. అడిగినవాళ్ళకి అలా అయితే స్పష్టంగా ఉంటుందని చెప్పాడు. బావమరిదికి మాత్రం జరిగింది చెప్పాడు.

"అక్కకి చెప్పెయ్ బావా. మాటలో వచ్చిన తేడా అది, ఎవరి తప్పూ కాదు. నాలుగు తిట్లు తిట్టి ఊరుకుంటుంది."

"నన్ను తిడితే ఫర్వాలేదు. తన చేతిని తిట్టుకుంటుంది. కాలు ఎలాగూ పోయింది. చెయ్యి కూడా పోగొట్టమంటావా?"

బావమరిది వెళ్ళి మళ్ళీ కోతముక్కలు ఏరి తెచ్చాడు. ఇద్దరూ కలిసి రెండో పట్టీ చేశారు. ఈసారి పోగులు కాలి పొడవునా పరిచారు. మడమ దగ్గర రేకు ముద్దుగా, తనంతట తనే సాగింది. బల్ల అంచుకు బిగించి, మనిషి బరువంతా వేసి వంచి చూశారు. వంగింది, లేచింది. ఎన్నిసార్లు వంచినా లేచింది.

ఇంటికి తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. ఆమె దాన్ని వేళ్ళతో తడిమింది. మడమ ఒంపు లోపల బొటనవేలు తిప్పింది. పని బాగుందని ఆమె వేళ్ళకు తెలుస్తూనే ఉంది.

"ఇందులో పాపిడి లేదు. నేనే దగ్గరుండి చూశాను," అన్నాడు.

"మొన్నటిది కూడా మీరే చూశారుగా."

పట్టీని గోడవైపుకు జరిపింది. కోపంగా కాదు. తినలేనని కంచం జరిపినట్టు.

రోజులు గడిచాయి. వానలు పూర్తిగా వెళ్ళిపోయాయి. కొట్టిచ్చినాయన ఒకసారి మెట్లెక్కి వచ్చి, ఊరికే పలకరించడానికని కూర్చుని, ఏమీ అడగకుండానే వెళ్ళాడు. ఆ మర్నాడు దువ్వెన ఇక ఉండలేకపోయాడు. వంటింటి గుమ్మంలో నిలబడి మొత్తం చెప్పాడు. నీళ్ళలో పడే ముక్కల గురించి, పొడుగు పోగు గురించి, ఆమె బాణం గురించి, పాపిడి అని తను ఆడిన అబద్ధం గురించి. అంత పొడుగ్గా అతను ఎప్పుడూ మాట్లాడి ఉండడు. ఈ రెండోది నిజంగా మోస్తుంది, ఒక్కసారి తొడుక్కుని చూడు అని ముగించాడు.

ఆమె అంతా విన్నది.

"మొన్న పాపిడన్నారు. ఇవాళ బాణం అంటున్నారు. రేపు నా కాలే వంకర అంటారు."

"అబద్ధం కాదే. నీకోసమే దాచాను."

"ఏది నాకోసం? అప్పుడు చెప్పిందా, ఇప్పుడు చెప్తున్నదా?"

వంటింట్లో కుళాయి కారుతోంది. అతను వెళ్ళి దాన్ని బిగించి అక్కడే నిలబడిపోయాడు.

కొట్టు పక్కవీధి దర్జీకి వెళ్ళింది. బావమరిది కుట్టుమిషనును విప్పి, ముక్కలుగా మోసుకొచ్చి పైన కిటికీ దగ్గర మళ్ళీ బిగించాడు. ఆమె ఎడమకాలితో తొక్కడం నేర్చుకుంది. కింద కొట్లో పని ఎక్కువైనప్పుడు కొత్త దర్జీ బట్టలు పైకి పంపేది, కత్తిరించి ఇమ్మని. ఆమె కత్తిరించేది. చంక గుండ్రం గీయాల్సి వచ్చినప్పుడు గోడపక్కన పెట్టిన ఆ రెండో పట్టీని అందుకుని, దాని మడమ ఒంపును గుడ్డ మీద ఆనించి, చుట్టూ సుద్దతో గీసేది. చంకకు ఆ ఒంపు అతికినట్టు సరిపోయేది. ఇంతకన్నా మంచి గుండ్రం నా జన్మలో దొరకలేదు అని ఒకసారి తమ్ముడితో అంది. అతను నవ్వాలో వద్దో తెలియక బావ ముఖం చూశాడు.

కాగితం నమూనాల మీద ఆమె బాణం గీయడం మానేసిందని దువ్వెన కొన్నాళ్ళకి గమనించాడు. కొత్తవాటి మీద లేదు. పాతవాటి మీద ఉన్నదాన్ని కూడా చెరిపేసింది. చెరిపిన చోట కాగితం కాస్త తెల్లబడి ఉంది. సాగే వైపు ఏదక్కా అని కింది దర్జీ మెట్ల దగ్గర నిలబడి అరిచి అడిగితే, కుట్టేటప్పుడు నీకే తెలుస్తుందిలే అని పైనుంచి జవాబు చెప్పింది.

సాయంత్రాలు అతని చేతుల్లోంచి పోగుముక్కలు తీయడం మాత్రం మానలేదు. ఆ రోజు కూడా కిటికీ దగ్గర కూర్చోబెట్టి, మణికట్టును వెలుతురుకు తిప్పింది. నల్లటి చుక్క ఒకటి కనబడింది. దాని మీద టేపు అంటించి, వేలితో అదిమి, కొసను పట్టుకుంది. పట్టుకుని ఆగిపోయింది.

"ఎటు లాగను?" అని అడిగింది.

ఆమె అలా అడగడం అదే మొదటిసారి.